పాయింట్ లోబోస్‌లో స్కూబా: అండమాన్‌లో నేర్చుకున్నవాళ్లం దిగొచ్చా?

కాకినాడ కాజా

అందరికీ నమస్తే. మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. పెళ్లయిన కొత్తలో అండమాన్ వెళ్లినప్పుడు నేనూ మావారూ హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు స్కూబా కోర్సు చేశాం. తర్వాత అక్కడా, హవాయిలోనూ కొన్ని డైవ్‌లు చేశాం. అంటే మాకు తెలిసిందల్లా గోరువెచ్చని నీళ్లు, పల్చటి సూటు, పడవ అంచు మీంచి వెనక్కి పల్టీ, ముందు గైడ్ ఈదుతుంటే వెనకాల వెళ్లడం. అంతే.

పోయిన నెల కార్మెల్ దగ్గర పాయింట్ లోబోస్ అనే సముద్రతీర పార్కుకి నడవడానికి వెళ్లాం. అక్కడ వేలర్స్ కోవ్ అనే చిన్న ఖాతం దగ్గర ఒక జంట ట్యాంకులు వీపున వేసుకుని ర్యాంప్ మీంచి నెమ్మదిగా నీళ్లలోకి దిగుతున్నారు. ఇద్దరికీ అరవై పైనే ఉంటాయి. అప్పట్నుంచి మావారికి అదే ధ్యాస. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. నీళ్ల మీద కెల్ప్ అనే ఆ గోధుమరంగు సముద్రపు నాచు చాపలా పరుచుకుని ఉంటే దాని కిందకి వెళ్లి మళ్లీ పైకెలా వస్తారో అర్థం కావట్లేదు. ఆఫీసులో ఏసీకే శాలువా కప్పుకునే మనిషిని, ఆ చలి తట్టుకోగలనా? అది రిజర్వ్, అంటే రక్షిత ప్రాంతం కాబట్టి ఇండియాలో తీసుకున్న కార్డు ఒప్పుకుంటారా, వేరే పర్మిట్ ఏమైనా కావాలా? ఇంకొకటి, నాకు రెండు కళ్లకీ మైనస్ నాలుగున్నర పవర్. హవాయిలో అద్దాలు లేకుండానే దిగాను, చేపలన్నీ రంగు మచ్చల్లా కనిపించాయి.

మా అత్తయ్యగారు అక్టోబరు ఆఖరుదాకా ఇక్కడే ఉంటారు, పాపని చూసుకుంటానన్నారు. ఆ తర్వాత మాకు ఇద్దరికీ కలిసి కుదరదు. తెలిసినవాళ్లు చెప్పండి.

శాన్‌హోసే సుబ్బు

అక్కా, అక్కడ నీళ్లు 50 డిగ్రీలు. ఫారెన్‌హీట్‌లో. నేను షార్ట్స్‌తో మోకాళ్ల దాకా దిగి కాళ్లున్నాయో లేవో చూసుకుంటూ బయటికొచ్చా. అత్తయ్యగారు ఉన్నప్పుడే హవాయిలో మౌయీకి టికెట్లు తీసుకోండి, సుఖం.

రెగ్యులేటర్ రావు

సుబ్బు గారి మాట వినకండి. షార్ట్స్‌తో దిగినవాళ్లకి అలాగే ఉంటుంది.

నేను సలీనస్‌లో ఉంటాను, చాలా ఏళ్లుగా ఈ నీళ్లలోనే డైవ్ చేస్తున్నాను. ముందు కాగితాల సంగతి. కార్డు ఏ దేశంలో తీసుకున్నారన్నది ఎవరూ పట్టించుకోరు. పాడి (PADI) అయినా, ఎస్‌ఎస్‌ఐ (SSI) అయినా, ఈ శిక్షణ సంస్థల కార్డు ప్రపంచమంతా చెల్లుతుంది. దాన్ని గేటు దగ్గర చూపించాలి. డైవింగ్‌కి ముందే ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేసుకోవాలి, ఎందుకంటే రోజుకి ఇన్ని జట్లే అని పరిమితి ఉంది. జట్టంటే ఇద్దరు, లేదంటే ముగ్గురు. ఒంటరిగా వెళ్లనివ్వరు. దిగనిచ్చేది కూడా రెండే చోట్ల: మీరు చూసిన వేలర్స్ కోవ్, దాని పక్కనున్న బ్లూఫిష్ కోవ్. శని ఆదివారాలు త్వరగా నిండిపోతాయి, మామూలు రోజుల్లో సెలవు పెట్టుకోగలిగితే హాయి. రుసుములూ వేళలూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు పార్కు వాళ్ల పేజీ ఒకసారి చూసుకోండి.

ఇదంతా పది నిమిషాల పని. మీరు అడగనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. సీసం బరువు.

హావ్‌లాక్‌లో పల్చటి సూటుకి నడుముకి నాలుగు కిలోలు కట్టి ఉంటారు. ఇక్కడ 7 మిల్లీమీటర్ల సూటు, దాని మీద ఇంకో పొర, తలకి హుడ్, చేతులకి గ్లవ్స్. ఆ రబ్బరు నిండా గాలి బుడగలే. దాన్ని ముంచడానికి ఒక్కొక్కరికి పాతిక పౌండ్లో, ఇంకా పైనో పడుతుంది. తిరకాసు ఎక్కడంటే, 33 అడుగుల లోతుకి వెళ్లేసరికి నీటి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది, ఆ బుడగలు నలిగి సూటు పల్చబడుతుంది. పైన మిమ్మల్ని తేల్చిన సూటు కింద తేల్చదు, సీసం మాత్రం అలాగే ఉంటుంది. తేలడానికి వేసుకునే జాకెట్‌లోకి గాలి కొట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే దబ్బున అడుక్కి వెళ్లి కూర్చుంటారు. గోవాలోనో రుషికొండలోనో అయితే ఇసకలో కూర్చుంటారు, పోయేదేం లేదు. లోబోస్‌లో అడుగంటే గ్రానైట్ రాళ్లు, వాటి మీద అరచేయంత జాగా కూడా ఖాళీ ఉండదు. గులాబీ రంగులో పువ్వుల్లాంటి గోరంత జీవులు స్ట్రాబెర్రీ ఎనిమోన్లు వేలకొద్దీ, నారింజ రంగు స్పాంజ్‌లు, పగడంలా ఉండే ఊదా రంగు హైడ్రోకోరల్. ఆ హైడ్రోకోరల్ చెంచాడు పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. కాళ్లకి వేసుకునే ఫిన్ ఒక్కసారి తగిలితే చాలు, పుటుక్కున విరుగుతుంది. విరిచినవాళ్లకి తెలియను కూడా తెలియదు, వెనక ఈదుతున్నవాళ్లకి కనిపిస్తుంది. నాకు కనిపించింది.

అందుకని నేరుగా లోబోస్‌కి రాకండి. ముందు మాంటెరీలో శాన్ కార్లోస్ బీచ్‌కి వెళ్లండి, డైవర్లందరూ బ్రేక్‌వాటర్ అంటారు. ఇక్కడ నేర్చుకునేవాళ్లు చాలామంది మొదట దిగేది అక్కడే. రిజర్వేషన్ అక్కర్లేదు, అడుగున ఎక్కువగా ఇసక. స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌ని ఒకరిని మాట్లాడుకుని బరువు సరిచూసుకోండి. డైవ్ మొదట్లో కాదు, ఆఖర్లో చూసుకోవాలి. అద్దెకిచ్చే అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఐదారు పౌండ్ల దాకా తేలిక అవుతుంది. ట్యాంకులో గాలి అయిపోవస్తూ గేజ్ 500 పీఎస్‌ఐ చూపిస్తున్నప్పుడు, జాకెట్‌లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి కదలకుండా నిలబడితే నీళ్లు కళ్ల దగ్గరికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అది మీ బరువు. అద్దె కొట్టువాళ్లు "ఎందుకైనా మంచిది" అని ఇంకో నాలుగు పౌండ్లు పెడతారు, తీసుకోకండి.

చలి. మొదటి నిమిషం నుదురు లాగేస్తుంది. అది తప్పదు, సర్దుకుంటుంది. ఇంట్లోంచి పెద్ద ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకుని, చల్లనీళ్లతో గోరువెచ్చగా కలుపుకుని, దిగే ముందు సూటు మెడలోంచి లోపలికీ గ్లవ్స్‌లోకీ పోసుకోండి. అందరూ చేసే పనే, ఎవరూ నవ్వరు. రెండో ఫ్లాస్కులో అల్లం టీ. అరగంట పైన వేళ్లు మొద్దుబారడం మొదలవుతుంది. బకిల్ విప్పడం కష్టమయ్యే దాకా ఆగకండి, ట్యాంకులో ఇంకా గాలుంది కదా అని అస్సలు ఆగకండి. నీళ్లు లోపలికి రాని డ్రై సూట్ వేసుకోమంటారు కొందరు. అది వెచ్చగానే ఉంటుంది గానీ దానికి వేరే శిక్షణ కావాలి, అక్టోబరులోపు హడావుడిగా నేర్చుకోవాల్సిన పని కాదు.

కెల్ప్. పైనుంచి చాపలా కనిపిస్తుంది నిజమే. కిందకి వెళ్తే కాడలు నిలువుగా, వాటి మధ్య మనుషులు సులువుగా వెళ్లేంత దారులు. మంచి పరిస్థితుల్లో రోజుకి రెండడుగుల దాకా పెరిగే నాచు అది. చిక్కుకున్నారనుకోండి, పిల్ల జడలో చిక్కు తీసినట్టే: లాగితే బిగుస్తుంది, ఆగి ఒక్కో పోగూ విడదీస్తే వచ్చేస్తుంది. గింజుకుంటూ గుండ్రంగా తిరగడం మాత్రం చేయకూడదు. ఒక్కటే కాడ పట్టుకుంటే రెండు చేతులతో పుల్లలా విరవండి, టప్పున తెగుతుంది. సాగదీస్తే తెగదు. ఎక్కువగా పట్టుకునేది ఫిన్ పట్టీ చివర్లని, ట్యాంకు వాల్వ్‌ని. పట్టీ చివర్లు లోపలివైపు తిప్పి టేప్ వేయండి. మీ వీపు వెనక ఏముందో మీకు కనపడదు, మీవారు చూడాలి. అందుకే జట్టు. పైకి వచ్చేటప్పుడు తలెత్తి వెలుతురున్న ఖాళీ చూసుకుని, ఒక చెయ్యి పైకెత్తి అందులోంచి రండి. ర్యాంప్ చేరేసరికి గాలిలో మూడో వంతు మిగిలేలా ముందే తిరుగుముఖం పడితే అక్కడిదాకా కెల్ప్ కిందుగానే వచ్చేయొచ్చు. లేదంటే దాని మీద బోర్లా పడుకుని పాకుతూ రావాలి, ప్రాణం మీదికి రాదు గానీ ఒళ్లు హూనమవుతుంది.

అక్టోబరు దొరకడం మీ అదృష్టం. వసంతంలో గాలులకి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొచ్చి, వాటితో వచ్చిన పోషకాలకి నీళ్లన్నీ పచ్చబడతాయి, చెయ్యి చాస్తే చెయ్యి కనపడని రోజులుంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సాధారణంగా తేటగా ఉంటుంది. అల ఎంత ఎత్తో ఒక్కటే చూడకండి, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో చూడండి. పదిహేను సెకన్లు దాటిన అల పైకి మామూలుగానే కనిపించి కింద మిమ్మల్ని గజాలకొద్దీ అటూ ఇటూ ఊపుతుంది. ర్యాంప్ దాకా వచ్చి నచ్చక వెనక్కి తిరగడం ఇక్కడ మామూలే.

కంటి పవర్‌కి మాస్కులో వేసే రెడీమేడ్ లెన్సులు దొరుకుతాయి, రెండు కళ్లకీ ఒకే పవర్ కాబట్టి మీకు సులువు. నీళ్లలో వస్తువులు కాస్త పెద్దగా కనిపిస్తాయి, అర పాయింటు తగ్గినా ఇబ్బంది ఉండదు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులతో దిగేవాళ్లూ ఉన్నారు. మచ్చల్లా చూడాల్సిన చోటు కాదిది. కోవ్ మధ్యలో మిడిల్ రీఫ్ అని ఒక రాతివరస ఉంది. అక్కడ లింగ్‌కాడ్ అనే చేప, మూడడుగులది, రాయి మీద గడ్డం ఆనించుకుని కూర్చుంటుంది. మీరు మూరెడు దూరంలోకి వెళ్లినా లేవదు. కళ్లు మాత్రం తిప్పి చూస్తుంది. రిజర్వ్ బయట ఇదే చేప నీడ పడితే పారిపోతుంది. ఇక్కడ గాలం పడి ఎన్నో ఏళ్లయింది.

భీమిలి వల

రావు అన్నా, బాగా రాశారు. కానీ నాకో మాట అడగాలనుంది. మాది భీమిలి దగ్గర పల్లె. నాన్న, చిన్నాన్నలు అందరూ వేటకెళ్లినోళ్లే. నేనే చదువుకుని శాక్రమెంటో వచ్చి పడ్డాను. ఈ రిజర్వ్‌లంటే నాకు కొంచెం మంటే. చేప పట్టుకుని బతికేవాడు దిగకూడదు, డబ్బుండి సిలిండర్ కట్టుకున్నోడు దిగి చూసి రావొచ్చు. ఇదెక్కడి న్యాయం?

మాకూ నిషేధం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు ఒడ్డుకే. గుడ్లు పెట్టే కాలం కాబట్టి వదిలేయాలంటారు, వదిలేస్తాం. భృతి కూడా ఇస్తారు. కానీ ఆ తర్వాత సముద్రం మళ్లీ మాదే కదా. ఎప్పటికీ వద్దు అంటే ఎట్లా?

రెగ్యులేటర్ రావు

అడగాల్సిన మాటే. వేలర్స్ కోవ్ వేటగాళ్ల ఊరే తమ్ముడూ. 1850ల్లో చైనా జాలర్లు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. ఆ గుడిసె ఒకటి ఇప్పటికీ ఉంది, మ్యూజియం చేశారు. తర్వాత పోర్చుగీసు వాళ్లు తిమింగలాల వేటకి వచ్చారు, కోవ్ పేరు అందుకే అలా ఉంది. 1890ల చివర్లో గెన్నోసుకే కొడానీ అనే జపాన్ ఆయన వచ్చి, అబలోనీ అనే పెద్ద నత్తల కోసం జపాన్ నుంచి డైవర్లని రప్పించాడు. ఈ చలినీళ్లలో ఇత్తడి హెల్మెట్లు పెట్టుకుని దిగేవాళ్లు. ఆ పట్టిన సరుకుని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉన్న చోటుని ఈరోజుకీ క్యానరీ పాయింట్ అంటారు. 1942లో ఈ తీరంలో ఉన్న జపాన్ వాళ్లందరినీ ఇళ్లలోంచి లేపి శిబిరాలకి పంపేశారు. కాబట్టి ఎవరి సముద్రం అనే ప్రశ్న ఇక్కడ రిజర్వ్‌తో మొదలైంది కాదు, అంతకుముందే చాలామందికి గట్టిగా తగిలింది.

అబలోనీ ఏమైందో చూడు. అంత విరివిగా ఉన్నది కాస్తా తగ్గి తగ్గి, 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన వేటే ఆపేశారు. ఉత్తరాన సరదాకి పట్టుకోనిచ్చేవాళ్లు, 2018 నుంచి అదీ లేదు. అరవై రోజుల విరామం మీ కానాగంతలకీ కవ్వళ్లకీ సరిపోవచ్చు, అవి త్వరగా పెరిగే చేపలు. ఇక్కడి రాక్‌ఫిష్‌లలో కొన్ని రకాలు వందేళ్లు దాటి బతుకుతాయి. ముసలి తల్లి చేప ఒక్కటి పెట్టే పిల్లలు పది చిన్న తల్లులు కూడా పెట్టలేవు. దాన్ని రెండు నెలలు వదిలి మూడో నెలలో పడితే ఏం లాభం?

1960లో ఇక్కడ 750 ఎకరాల నీటిని రిజర్వ్ చేశారు, అమెరికాలో నీటి అడుగున మొదటిది అదే. 2007లో హద్దులు పెంచారు. నీకు నచ్చే సంగతి ఒకటి చెప్తాను. అదే ఏడాది నుంచి లోపలా బయటా చేపలెలా ఉన్నాయో లెక్క తీస్తున్నారు. గాలాలు వేసేది శాస్త్రవేత్తలొక్కరే కాదు, మామూలు గాలగాళ్లు కూడా, వాలంటీర్లుగా. అద్దె వేటపడవల మీదే వెళ్తారు. పట్టి, కొలిచి, గుర్తు ట్యాగ్ వేసి వదిలేస్తారు. లోపల చేపలు ఎక్కువ, పెద్దవి కూడా. అవి హద్దు దాటి బయటికీ వస్తాయి, దాటినదాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు.

మీ ఊళ్లో ఇలాంటిది పెట్టాలంటే జాలర్లని కూర్చోబెట్టి వాళ్లు చూపించిన చోటే గీత గీయాలి. ఆఫీసులో మ్యాప్ మీద గీస్తే నీకు మండటంలో తప్పు లేదు.

కాకినాడ కాజా

రావు గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్ అండి. మావారు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టారు. బ్రేక్‌వాటర్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని మాట్లాడేశాం.

ఇంకొక్క డౌటు. ఆఫీసులో ఒకతను డైవర్. పర్పుల్ అర్చిన్‌లు, ఆ ముళ్ల బంతుల్లాంటి జీవులు, కెల్ప్‌ని తినేస్తున్నాయి, ఒక చిన్న సుత్తి పట్టుకెళ్లి కనపడినవాటిని పగలగొట్టండి, సముద్రానికి మేలు చేసినవాళ్లవుతారు అన్నాడు. నిజంగా చేస్తారా అలా?

రెగ్యులేటర్ రావు

లోబోస్‌లోకి సుత్తితో వెళ్తే రేంజర్ మీకు జరిమానా కాగితం చేతిలో పెట్టి పంపిస్తాడు. అక్కడ చేప, నత్త, రాయి, గవ్వ, తెగి పడున్న కెల్ప్ ముక్క, ఏదీ తీయకూడదు, అర్చిన్‌తో సహా.

మీ ఆఫీసు అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. 2021లో మాంటెరీ దగ్గరే ట్యాంకర్స్ రీఫ్ అనే చోట డైవర్లని అర్చిన్‌లు పగలగొట్టనిచ్చారు. అది ఆ చోటికి, ఒక ప్రయోగంగా, గడువుతో ఇచ్చింది.

కథ ఇదీ. 2013 నుంచి ఈ తీరమంతా స్టార్‌ఫిష్‌లకి ఒక జబ్బు వచ్చి కరిగిపోయాయి. ఇరవై చేతులకి పైగా ఉండి సైకిల్ చక్రమంత పెరిగే సన్‌ఫ్లవర్ స్టార్ కాలిఫోర్నియాలో దాదాపు కనుమరుగైంది. అర్చిన్‌ని తినేవాటిలో ముఖ్యమైంది అది. జబ్బుకి కారణం విబ్రియో రకం బ్యాక్టీరియా అని 2025లో గాని తేలలేదు. దాని వెనకే 2014 నుంచి 2016 దాకా సముద్రం మామూలుకంటే వేడెక్కింది, కెల్ప్ నీరసించింది. అర్చిన్‌లకి అడ్డు లేకుండా పోయింది. ఉత్తరాన సోనోమా, మెండొసీనో తీరాల్లో కెల్ప్ తొంభై శాతానికి పైగా పోయింది.

మన వైపు నీటికుక్కలున్నాయి, సీ ఓటర్లు. బొచ్చు కోసం చంపి చంపి అయిపోయాయనుకుంటే, 1938లో బిగ్ సర్ దగ్గర ఒక చిన్న మంద బయటపడింది. ఇప్పుడు మూడు వేల దాకా ఉన్నాయి. అవి అర్చిన్‌లని బాగా తింటాయి గానీ తెలివైనవి. కెల్ప్ పోయిన చోట అర్చిన్‌లు తిండిలేక లోపల డొల్లగా ఉంటాయి, వాటిని ముట్టవు. కెల్ప్ ఉన్న చోట కండపట్టినవాటినే ఏరుకుంటాయి. దాంతో మిగిలిన కెల్ప్ మిగులుతుంది, పోయింది మాత్రం వెనక్కి రాదు. అక్కడ సుత్తి పనికొస్తుందా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లోనే వాదనలున్నాయి. అసలు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒకటి పక్కనే ఉంటే కదా పోల్చి చూసేది. లోబోస్ ఆ చోటు.

నీటికుక్కలు గానీ సీల్‌లు గానీ కనిపిస్తే మీరై మీరు దగ్గరికి వెళ్లకండి, చట్టం ఒప్పుకోదు. అవే వస్తే కదలకుండా ఉండండి. హార్బర్ సీల్‌లకి ఫిన్‌ల మీద మోజు. వెనకనుంచి వచ్చి చివర పళ్లతో పట్టుకుని లాగి వదిలేస్తుంది, తిరిగి చూస్తే మీసాలు ముందుకి చాచి మీ మాస్కు అద్దంలోకి చూస్తుంది. మీవారు లాగారనుకుని తన్నకండి.

ర్యాంప్ సంగతి మర్చిపోయాను. నీటి అంచు దగ్గర నాచు పట్టి బాగా జారుతుంది. ఫిన్‌లు నీళ్లలోకి వెళ్లాకే వేసుకోండి, అప్పటిదాకా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడవండి. మీరు చూసిన ఆ అరవై దాటిన జంట నెమ్మదిగా దిగింది అందుకే.

శాన్‌హోసే సుబ్బు

అంతా చదివాక కూడా నేను మౌయీకే. కానీ సీల్ ఫోటో పెట్టండి అక్కా.

భీమిలి వల

రావు అన్నా, ఆ గాలాల లెక్కలో తెలుగోళ్లని తీసుకుంటారా? స్కూబా మీరు చేసుకోండి, నేను గాలం పట్టుకొస్తా. పట్టి వదిలేయడం ఒక్కటే కొంచెం కష్టం.

రెగ్యులేటర్ రావు

గాలం వేయడం వచ్చినవాళ్లు ఎవరైనా సరే. మాస్ లాండింగ్ మెరైన్ ల్యాబ్స్ వాళ్లకి మెయిల్ రాయి, వాలంటీర్ల జాబితాలో పెడతారు. పొద్దున్నే బయల్దేరి రోజంతా పడవ మీదే, వాంతుల మాత్ర వేసుకునిరా.

భీమిలి వల

భీమిలోడికి వాంతుల మాత్రా! మెయిల్ ఇప్పుడే కొడుతున్నా.